కారు పెయింట్‌కు పట్టేసిన మొండి మరకలు: బెంగళూరులో మనవాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలు

ఎండాకాలం రాగానే తెల్ల చుక్కల గురించి, దసరా అవగానే పసుపు మరకల గురించి, వానలు తగ్గి రోడ్లకు ప్యాచ్‌లు వేసే రోజుల్లో తారు గురించి. ఏటా ఇవే సందేహాలు, అడిగేవాళ్ళు మాత్రం మారుతుంటారు. అపార్ట్‌మెంట్ గ్రూపులో విడివిడిగా టైప్ చేసి చేసి విసుగొచ్చింది కాబట్టి అన్నీ ఒకచోట పెడుతున్నాను. మొదటినుంచి చదవక్కర్లేదు, మీ కారు మీద ఉన్నదేదో దానికి నేరుగా వెళ్ళిపోండి.

## ముందు, అసలు అదేంటో తెలుసుకోవడం

కారు శుభ్రంగానే కడిగాను, అయినా చెయ్యి రాస్తే గరగరలాడుతోంది. ఎందుకు?

కడిగితే పోయేది వదులుగా ఉన్న దుమ్మూ మట్టీ మాత్రమే. బ్రేక్ ప్యాడ్ల నుంచి రాలే ఇనుప రజను, తారు చుక్కలు, పక్క బిల్డింగ్‌కి రంగులేస్తుంటే గాలికి కొట్టుకొచ్చిన తుంపర, సిమెంటు, చెట్ల బంక, ఇవన్నీ పెయింట్ పైపొరను గట్టిగా పట్టుకుని కూర్చుంటాయి, షాంపూకి కదలవు. వేళ్ళకు సరిగా తెలియడం లేదనుకుంటే బ్రెడ్ ప్యాకెట్ కవర్ లాంటి పల్చటి ప్లాస్టిక్ కవర్లో చెయ్యి దూర్చి, కడిగి ఆరబెట్టిన బానెట్ మీద మెల్లగా జరిపి చూడండి. ఉత్త చేతికి నున్నగా అనిపించిన చోట కూడా కవర్ కింద పలుకులు పలుకులుగా తగులుతుంది. బానెట్, టాప్, డిక్కీ మూత మీద ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే పైనుంచి పడేవన్నీ అక్కడే పడతాయి.

మరక పైన అతుక్కుని ఉందా, పెయింట్‌ను తినేసిందా? ఎలా తెలుస్తుంది?

ముందు ఈ ఒక్కటి తేల్చుకోండి, సగం టెన్షన్ పోతుంది. మరక ఉన్నచోట కొంచెం ఎత్తుగా తగులుతుంటే అది పైన ఉన్నట్టే, కరిగించో నానబెట్టో తీసేయొచ్చు. చేతికి నున్నగానే ఉండి, వాలు ఎండలో పక్కనుంచి చూస్తే మాత్రం వలయంలాగో చిన్న గుంటలాగో కనిపిస్తుంటే పైపొర తినేసినట్టు. అలాంటి మరకను ఏ లిక్విడ్ పోసినా పోదు, పాలిష్ పట్టాల్సిందే. ఈ తేడా తెలియక, పోని మరకను పోగొడదామని గంటసేపు రుద్ది, మరక చుట్టూ కొత్త గీతలు తెచ్చుకునేవాళ్ళే ఎక్కువ.

కారు కొని నెల కూడా కాలేదు. దీనికీ అవసరమా?

ఉండొచ్చు. కొత్త కారంటే ఫ్యాక్టరీ నుంచి నేరుగా మన చేతికి రాదు కదా, ట్రక్కు మీదో గూడ్స్ రైలు మీదో వచ్చి, ఊరి బయట యార్డులో ఎండకీ దుమ్ముకీ నిలబడి, ఆ తర్వాత షోరూమ్‌కి వస్తుంది. తెల్ల కారైతే దగ్గరగా వెళ్ళి చూడండి, సూది మొనంత నారింజ రంగు చుక్కలు కనిపిస్తే అవి తుప్పు పట్టిన ఇనుప రజను. కారు బాడీకి తుప్పు పట్టిందని షోరూమ్‌తో గొడవకు దిగకండి, తీస్తే పోతుంది.

## నీళ్ళు, సబ్బు, సామాను

మాది బోరు నీళ్ళు. కడిగిన ప్రతిసారీ తెల్ల చుక్కలు పడుతున్నాయి, ఏం చెయ్యాలి?

ఆ చుక్కలు నీళ్ళు ఆవిరైపోయాక మిగిలిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వైట్‌ఫీల్డ్, సర్జాపూర్ రోడ్ వైపు ట్యాంకర్ నీళ్ళ మీద బతికే ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ గీజర్ కాయిల్‌కి పట్టేది కూడా ఇదే. నీళ్ళు మార్చడం మన చేతిలో లేదు కాబట్టి ఆరకముందే తుడిచేయడమే మార్గం. ఎండలో కడగకండి, మొత్తం కడిగాక చివర్లో తుడుద్దామని కూడా ఆగకండి, ఒక భాగం కడగ్గానే మెత్తటి మైక్రోఫైబర్ టవల్‌తో నీళ్ళు అద్దేయండి.

ఇప్పటికే పడ్డ చుక్కలకు కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌లో అంతే కొలత మంచినీళ్ళు కలిపి, గుడ్డ తడిపి చుక్కల మీద ఒకటి రెండు నిమిషాలు పరిచి, తుడిచి, వెంటనే బాగా కడిగేయండి. బాడీ చల్లగా ఉన్నప్పుడే చెయ్యండి. బాత్రూమ్ యాసిడ్ జోలికి మాత్రం పోవద్దు, చుక్కలతోపాటు క్రోమ్, రబ్బరు, అద్దాల అంచులు అన్నీ పాడవుతాయి.

ఆర్‌ఓ మెషీన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు ఊరికే పోతున్నాయి, వాటితో కడగొచ్చా?

మంచి ఉద్దేశమే కానీ కారుకు పనికిరాదు. ఆర్‌ఓ మంచినీళ్ళను ఒక పక్కకి, లవణాలను ఇంకో పక్కకి పంపుతుంది, ఆ లవణాలన్నీ చేరేది ఈ వేస్ట్ నీళ్ళలోనే, అంటే మీ బోరు నీళ్ళకంటే ఇవి ఇంకా గట్టి నీళ్ళు. ఇల్లు తుడవడానికో బాత్రూమ్‌లోకో వాడండి. కారుకు పనికొచ్చేవి ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు. అవి గాలిలోని తేమ చల్లబడి దిగినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. పల్చటి గుడ్డలో వడగట్టి, కడగడమంతా అయ్యాక చివరి మగ్గు వీటితో పోసుకోండి.

కావేరి నీళ్ళతో కారు కడిగితే ఫైన్ వేస్తారా?

2024 మార్చిలో నీళ్ళకు కటకటగా ఉన్నప్పుడు బెంగళూరు జలమండలి తాగునీటితో వాహనాలు కడగడాన్ని నిషేధించి 5,000 రూపాయల జరిమానా పెట్టింది, 2025 ఫిబ్రవరిలోనూ అలాంటి ఉత్తర్వే ఇచ్చింది. ఎండాకాలంలో పైపు పట్టుకుని గేటు ముందు నిలబడకపోవడమే మంచిది. కడిగాక నీళ్ళు పోయాల్సిన పని లేని రిన్స్‌లెస్ వాష్ లిక్విడ్లు దొరుకుతున్నాయి, ఒక్క బకెట్‌తో పనైపోతుంది. బురద గడ్డకట్టి ఉంటే మాత్రం ముందు నీళ్ళు చల్లి అది దింపాకే గుడ్డ పెట్టాలి.

విమ్, టూత్‌పేస్ట్, నెయిల్ పాలిష్ రిమూవర్... ఇంట్లో ఉన్నవాటితో అవ్వదా?

గిన్నెల లిక్విడ్ ఒకసారికి కారును చంపేయదు కానీ పైన ఉన్న వ్యాక్స్‌ను ఊడ్చేస్తుంది. విమ్ బార్‌లో గిన్నెలు తోమే పొడి ఉంటుంది, పెయింట్ మీద గీతలు పడతాయి. టూత్‌పేస్ట్ కూడా అరగదీసేదే, మరక పోయినట్టే ఉంటుంది, ఆ చోట మాత్రం మెరుపు మందగించి అదే కొత్త మరకవుతుంది. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో సాధారణంగా అసిటోన్ ఉంటుంది, థిన్నర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఈ రెండూ పెయింట్‌నే మెత్తబరుస్తాయి. ముఖ్యంగా ఎప్పుడో డెంట్ తీయించి మళ్ళీ రంగు వేయించిన తలుపు ఉంటే దాని మీద పొరపాటున కూడా వద్దు.

సరే, మరి ఏం కొనాలి?

కారు షాంపూ, రెండు బకెట్లు, నాలుగైదు మైక్రోఫైబర్ గుడ్డలు, ఐరన్ రిమూవర్, తార్ రిమూవర్, సన్నరకం క్లే బార్ (పెయింట్ మీద జరిపితే పట్టుకున్న గరుకును లాగేసే మెత్తటి ముద్ద), అది జారడానికి కొట్టే క్లే లూబ్రికెంట్, చివర్లో రక్షణ పొరగా పూయడానికి వ్యాక్స్ లేదా సీలెంట్. ఆన్‌లైన్లో అన్నీ దొరుకుతాయి, చూసి కొనాలనుకుంటే కార్ల సామాన్ల షాపులుండే జేసీ రోడ్ ఉంది. రెండు బకెట్లు ఎందుకంటే ఒకదాంట్లో షాంపూ, ఇంకోదాంట్లో గుడ్డ జాడించే నీళ్ళు, లేకపోతే తీసిన ఇసుకనే మళ్ళీ కారుకు రాస్తాం.

## ఒక్కో మరక సంగతి

పావురాల రెట్ట ఎండిపోయింది. గోకేయొచ్చా?

గోకొద్దు. రెట్టలో యూరిక్ యాసిడ్‌తోపాటు గింజల ముక్కలు, ఇసుక పలుకులు ఉంటాయి, పొడిగా తుడిస్తే గీతలు ఖాయం. టిష్యూ పేపరు మడిచి, నీళ్ళలో ముంచి, రెట్ట మీద పరిచి పది నిమిషాలు వదిలేయండి. తర్వాత రుద్దకుండా ఆ టిష్యూతోనే పైకి ఎత్తేయండి, ఇంకా మిగిలితే కొత్త టిష్యూ వేసి మళ్ళీ నానబెట్టండి. ఎండలో నిలబెట్టిన కారైతే తొందరగా తీయాలి. వేడికి పెయింట్ కొంచెం మెత్తబడి సాగుతుంది, చల్లబడ్డాక ఎండిన రెట్ట చుట్టూ బిగుసుకుంటుంది, ఆ ముద్ర అలాగే ఉండిపోతుంది. డోర్ పాకెట్‌లో నీళ్ళ సీసా, టిష్యూలు పెట్టుకుంటే ఆఫీసు పార్కింగ్‌లోనే పనైపోతుంది.

చెట్టు కింద పెడితే కారంతా జిగురు జిగురుగా అయింది, ఇది చెట్టు బంకేనా?

చాలాసార్లు కాదు. నిద్రగన్నేరు, మామిడి లాంటి చెట్ల ఆకుల రసం పీల్చే చిన్న పురుగులు తియ్యటి ద్రవాన్ని విసర్జిస్తాయి, అద్దం మీద సన్నటి తుంపరలా పడేది అదే. అది చక్కెరే కాబట్టి తాజాగా ఉంటే గోరువెచ్చటి షాంపూ నీళ్ళకే పోతుంది. వారాలు వదిలేస్తే దాని మీద నల్ల బూజు పెరుగుతుంది, అప్పుడు కష్టం. నిజమైన బంకైతే గట్టి చుక్కలుగా, తేనె రంగులో ఉంటుంది, నీళ్ళకు కరగదు. దానికి మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ గుడ్డకు అద్ది ఒక నిమిషం దాని మీద ఉంచి, మెత్తబడ్డాక తుడిచి, ఆ చోటు కడిగేయండి. రాలిన పూలు కూడా తడిసి కుళ్ళితే మరక పడుతుంది, కాబట్టి వాన పడ్డ రోజు బానెట్ మీది పూరేకులను ఫొటో తీసుకున్నాక దులిపేయండి.

తెల్ల కారు మీద నారింజ రంగు చుక్కలు, ఎంత రుద్దినా పోవట్లేదు.

ఇనుప రజను. మన బ్రేకులు, ముందు వెళ్ళే బస్సు బ్రేకులు, రైలు పట్టాలు, ఇంటి పక్కన గ్రిల్ వెల్డింగ్ షాపులో గ్రైండర్ నుంచి లేచే నిప్పురవ్వలు, ఇవన్నీ దీనికి కారణాలే. ఫ్యాక్టరీలుండే పీణ్యా వైపు పనిచేసేవాళ్ళ కార్లు చూస్తే తెలుస్తుంది. వేడిగా వచ్చి పడ్డ రజను పెయింట్‌లో దిగి, అక్కడే తుప్పు పడుతుంది. రుద్దితే ఆ రజనునే ఈడ్చి గీతలు గీసినట్టు.

ఐరన్ రిమూవర్ దీనికోసమే ఉంది. కడిగిన, చల్లగా ఉన్న బాడీ మీద నీడలో స్ప్రే చేసి చూస్తూ ఉండండి. ఒకటి రెండు నిమిషాల్లో ప్రతి చుక్క దగ్గరా ఊదారంగు పుట్టి, సన్నటి ధారలుగా కిందికి కారుతుంది. ఇనుముతో ఆ రసాయనం కలిసిందనడానికి అదే గుర్తు, ఊదారంగు రాని చోట ఇనుము లేనట్టే. డబ్బా మీద రాసినంత సేపే ఉంచి, ఆరిపోకముందే కడిగేయాలి. వాసన మాత్రం కుళ్ళిన కోడిగుడ్డు కంపు, గాలి ఆడని బేస్‌మెంట్‌లో చెయ్యకండి, గ్లౌజులు వేసుకోండి. అలాయ్ వీల్స్‌కి కూడా ఇదే వాడొచ్చు, డ్రైవ్ చేసొచ్చిన వెంటనే వేడి చక్రాల మీద మాత్రం వద్దు.

కొత్త రోడ్డు మీద వెళ్ళొచ్చాను, తలుపుల కింద తారు చుక్కలు. పెట్రోల్‌తో తుడిచెయ్యనా?

పెట్రోల్ వద్దు, ఒక్క నిప్పురవ్వ చాలు. తార్ రిమూవర్‌ను గుడ్డకు పట్టించి చుక్క మీద అద్ది నిమిషం ఆగితే గోధుమరంగుగా కరిగి జారడం మొదలవుతుంది, అప్పుడు నొక్కకుండా తుడవండి, ప్రతిసారీ గుడ్డ మడత మార్చండి. కిరోసిన్‌కు కూడా తారు కరుగుతుంది, కాకపోతే జిడ్డు మిగులుతుంది, డోర్ రబ్బర్లకు మంచిది కాదు, అర్జెంటుగా వాడితే వెంటనే షాంపూతో కడిగేయాలి. గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు కానీ తారు విషయంలో గోరు కూడా ఎక్కువే.

మెట్రో పనులు జరిగే చోట సిమెంటు చింది గడ్డకట్టింది. పోతుందా?

ఎన్నాళ్ళయిందన్నదాన్ని బట్టి. సిమెంటు బాగా క్షార గుణం ఉన్నది, తడిగా ఉన్నప్పుడే పెయింట్ మీద పని మొదలుపెడుతుంది, కాబట్టి చిందిన రోజే నీళ్ళు కొట్టి దింపేయడం ఉత్తమం. గట్టిపడితే వెనిగర్‌లో తడిపిన టిష్యూ పరిచి, ఆరకుండా చూస్తూ ఐదు నిమిషాలుంచి, కడిగి, మళ్ళీ పరచాలి. ఓపిక కావాలి, ప్రతి విడతకూ కొంచెం కొంచెం పొడిలా రాలుతుంది. స్క్రూడ్రైవర్, బ్లేడు, పాత ఏటీఎం కార్డు, ఇవేవీ వద్దు. పెద్ద పెద్ద గడ్డలైతే డీటెయిలింగ్ షాపులో సిమెంటు కరిగించే లిక్విడ్ ఉందేమో అడగండి.

బేస్‌మెంట్‌లోనే పెడతాను, అయినా టాప్ మీద తెల్లటి చారలు ఎక్కడినుంచి వస్తున్నాయి?

పైకి చూడండి. స్లాబ్‌లో నీరు ఊరి, కాంక్రీటులోని సున్నాన్ని కరిగించుకుని చుక్కచుక్కగా కారుతుంటుంది. ఎండలో పెట్టిన కారుకంటే ఇలాంటి చుక్క కింద నెలలపాటు కదలకుండా ఉన్న కారుకే నష్టం ఎక్కువ, వీకెండ్ కార్లకు ఇది మరీ మామూలు. మరక ఒక గుండ్రటి పొక్కులా మొదలై, కింద అద్దం వైపు చారగా సాగుతుంది. సగం నీళ్ళు కలిపిన వెనిగర్‌తో తెల్లదనం పోతుంది కానీ పాతదైతే కింద మచ్చ కనిపిస్తుంది, దానికి మెషీన్ పాలిషే. కారు కడగడం ఎలాగూ ఉంటుంది, ముందు అసోసియేషన్ గ్రూపులో ఫొటో పెట్టి ఆ చుక్క కింద రేకు కట్టించుకోండి. వాటర్‌ప్రూఫింగ్ వచ్చే ఏడాది చేయిస్తామంటారు, రేకు మాత్రం ఈ వారం కట్టగలరు.

ఆయుధ పూజకు పెట్టిన పసుపు, కుంకుమ, టేపు జిగురు పోవట్లేదు.

పసుపుకు సబ్బు తగిలి ఎర్రబడితే కంగారు పడకండి, క్షారం తగిలితే పసుపు అలాగే మారుతుంది. ముందు పొడిగా ఉన్నదాన్ని నీళ్ళతో జార్చి, మిగిలిన రంగును సర్జికల్ స్పిరిట్ అద్దిన గుడ్డతో తీయండి, పసుపు రంగు నీళ్ళకంటే స్పిరిట్‌లో బాగా కరుగుతుంది. లీలగా మిగిలిపోయినా బాధ లేదు, ఎండకు అదే వెలిసిపోతుంది. కుంకుమ అంత తేలిగ్గా వదలదు, అందులో ఏ రంగు కలిపారన్నదాన్ని బట్టి ఉంటుంది. అరటి పిలకలు, పూలదండ అతికించిన టేపు జిగురుకు తార్ రిమూవరే సరిపోతుంది. వచ్చే ఏడు బొట్లు నంబర్ ప్లేట్ మీదో అద్దం మీదో పెట్టమని అమ్మకు చెప్పి చూడండి, వింటే మంచిదే.

రాత్రి హైదరాబాద్ హైవే మీద వచ్చాక బంపర్ నిండా పురుగులు.

కడిగే ముందు తడి టవల్ బంపర్ మీద పదిహేను నిమిషాలు కప్పండి. చాలా వరకు టవల్‌తోనే వచ్చేస్తాయి. దోమల బ్యాట్‌లా ఉండే ఆ ప్లాస్టిక్ మెష్ స్క్రబ్బర్ అద్దం వరకే వాడండి.

## క్లే పట్టడం

క్లే బార్ ఎలా వాడాలి? గీతలు పడవా?

లిక్విడ్లతో పోయేవన్నీ పోయాక, మిగిలిన గరుకు కోసం ఇది. ముందే క్లే పడితే అంత ఇనుప రజనునూ అది ఈడ్చుకుంటూ తిరుగుతుంది. పెద్ద నిమ్మకాయంత ముక్క తీసి చపాతీ పిండిలా పిసికి, నాలుగు వేళ్ళంత వెడల్పుగా నొక్కండి. రెండడుగుల చదరం చోటులో క్లే లూబ్రికెంట్ ధారాళంగా కొట్టి, ముక్కను అడ్డంగా, తర్వాత నిలువుగా జరపండి, గుండ్రంగా తిప్పకండి. బలం అక్కర్లేదు, చేతి బరువు చాలు. మొదట్లో సర్‌ర్ అని సన్నటి చప్పుడుతో పట్టుకుంటున్నట్టు ఉంటుంది, నాలుగైదు సార్లు జరిపేసరికి చప్పుడు ఆగి జారిపోతుంది. ఆగిందంటే అక్కడ పనైనట్టే. ముక్క తిప్పి చూస్తే గోధుమరంగు మురికి కనిపిస్తుంది, మడిచి కొత్త ముఖం పైకి తెండి.

గీతలంటారా, తడి తగ్గితే పడతాయి. నల్ల కార్ల మీద అన్నీ సరిగా చేసినా సన్నటి మసక రావచ్చు, అందుకే ముందు తలుపు కింద ఒక మూల చేసి చూసుకోండి. ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి అవసరం రాదు.

క్లే కింద పడిపోయింది, కడిగి వాడొచ్చా?

లేదు. పారేయండి. అందుకే మొత్తం బార్ చేతిలో పెట్టుకోకుండా ముక్కలు చేసుకోమనేది.

మా కారుకు సిరామిక్ కోటింగ్ (పెయింట్ మీద పూసే గట్టి రక్షణ పొర) ఉంది. పీపీఎఫ్ (పెయింట్ మీద అంటించే పారదర్శక ఫిల్మ్) ఉంది. మెరుపు లేని మ్యాట్ పెయింట్. మరి మాకు?

కోటింగ్ ఉన్నంత మాత్రాన మరకలు అంటవని కాదు, తేలిగ్గా వదులుతాయంతే, నీటి చుక్కలైతే దాని మీద కూడా పడతాయి. ఐరన్ రిమూవర్, తార్ రిమూవర్ వరకు వెళ్ళండి, క్లే పడితే కోటింగ్ కూడా కొంత అరుగుతుంది. పీపీఎఫ్ మీద అంచుల దగ్గర లిక్విడ్ లోపలికి దిగకుండా చూసుకోండి, ఫిల్మ్ వేసినవాళ్ళను అడిగాకే ఏదైనా కొట్టండి. మ్యాట్ పెయింట్‌కు క్లే, పాలిష్, మామూలు వ్యాక్స్ మూడూ వద్దు, రుద్దిన చోట మెరుపొస్తే దాన్ని వెనక్కి తీసుకురాలేం.

## అంతా తీశాక

నున్నగా అయింది, ఇంక వదిలేయొచ్చా?

వద్దు. ఇంత చేశాక పైన ఉన్న పాత వ్యాక్స్ కూడా పోయి పెయింట్ బోసిగా ఉంటుంది. అదే రోజు వ్యాక్సో సీలెంటో పూయండి, ఈసారి పడే రెట్టకీ బంకకీ తగిలేది ముందు అదే.

మచ్చ అలాగే ఉంది. పాలిష్ ఎన్నిసార్లైనా పట్టించొచ్చా?

లేదు. కార్ల పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో మెరుపునిచ్చే క్లియర్ కోట్ 40, 50 మైక్రాన్లే, అంటే తల వెంట్రుక కంటే సన్నం. ప్రతి పాలిష్ అందులోంచి కొంత తీసేస్తుంది, క్లియర్ కోట్ అయిపోతే మిగిలేది రీపెయింటే. షాపులో మెషీన్ పెట్టేముందు థిక్‌నెస్ మీటర్‌తో కొలవమనండి, కొలవం అంటే బండి వెనక్కి తెచ్చేయండి. లోతైన మచ్చ పూర్తిగా పోయేదాకా పట్టమని మనమే పట్టుబట్టకూడదు, ముప్పావు వంతు తగ్గితే చాలనుకోవాలి.

డీకంటామినేషన్‌కు, అంటే ఇలా పట్టేసినవన్నీ షాపులో తీయించడానికి వెళ్తే కోటింగ్ కూడా వేయించుకోమంటున్నారు.

అంటారు, లాభం అందులోనే కదా. కోటింగ్ చెడ్డదని కాదు కానీ అది వేరే పని, వేరే బిల్లు. ఐరన్, తార్, క్లే మూడూ విడివిడిగా చేస్తారా, లేక ఫోమ్ వాష్ చేసి క్లే పట్టి అదే డీకంటామినేషన్ అంటారా అని అడగండి. ఊదారంగు కారుతున్నప్పుడు పక్కన నిలబడి చూస్తానని చెప్పండి.

రోజూ వచ్చి కారు తుడిచే అబ్బాయి ఉన్నాడు. అతన్ని మాన్పించాలా?

మాన్పించక్కర్లేదు, రోజూ పొడి గుడ్డతో తుడవడం మాన్పించండి. పది కార్లకు ఒకే బకెట్, ఒకే గుడ్డ అయితే మొదటి కారు ఇసుక పదో కారు మీద తిరుగుతుంది. మీ గుడ్డలు మీరే ఇచ్చి, రోజూ అద్దాలు మాత్రం తుడవమని, బాడీకి వారానికోసారి నీళ్ళు పోసి కడగమని చెప్పండి, జీతం అదే ఇస్తానని ముందే చెబితే ఇంకా సంతోషంగా ఒప్పుకుంటాడు.